కరెంటు పోయి సర్వర్ పడిపోయాక ఇండెక్సులన్నీ మళ్లీ కట్టాలా, అక్కర్లేదా?

గాజువాక_సిస్టమ్స్:
మాది మందుల హోల్‌సేల్, గోడౌన్ గాజువాకలో. నిన్న సాయంత్రం ఈదురుగాలికి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీలు ఆగలేదు, జనరేటర్ అందుకునేలోపే సర్వర్ ఆరిపోయింది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ 13. కరెంటు వచ్చాక దానంతటదే లేచింది, రికవరీ పూర్తయిందని లాగ్‌లో రాసుకుంది కూడా. తీరా చూస్తే, నంబరు కొట్టి వెతికితే కొన్ని బిల్లులు దొరకడం లేదు. అవే బిల్లులు రోజువారీ రిపోర్టులో మాత్రం కనిపిస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ పెట్టినవాళ్లు "మొత్తం రీఇండెక్స్ కొట్టేయండి, సరిపోతుంది" అంటున్నారు, అంటే ఇండెక్సులన్నీ (టేబుల్‌లో వరుసల్ని త్వరగా వెతికిపెట్టే సూచికలు) మళ్లీ కట్టమని. పొద్దున్న కౌంటరు తెరిచేలోగా అయిపోవాలని ఓనరు గారు. అన్నీ మళ్లీ కట్టాలా, చెడినవాటినే చూసుకుంటే చాలా?

ఎంవీపీ_పాతకాపు:
కొట్టేయండి. ఇందులో ఆలోచించడానికేముంది? టేబుల్ ఉంటే ఇండెక్స్‌ని ఎప్పుడైనా మళ్లీ పుట్టించుకోవచ్చు. మైఐశామ్ (మైఎస్‌క్యూఎల్ పాత స్టోరేజీ ఇంజిన్) రోజుల్లో సర్వర్ ధడాల్న పడిందంటే ముందు రిపేరు, ఆ తర్వాతే టీ.

రుషికొండ_కోడర్:
పాతకాపు గారూ, ఆ అలవాటు అప్పట్లో సబబే, మైఐశామ్‌కి మార్పుల్ని ముందుగా రాసుకునే లాగ్ లేదు కాబట్టి. పోస్ట్‌గ్రెస్‌లో కూడా హాష్ రకం ఇండెక్సులకి 2017లో 10వ వెర్షన్ వచ్చేదాకా లాగ్ రక్షణ ఉండేది కాదు, క్రాష్ అయితే వాటిని మళ్లీ కట్టాల్సిందే. ఇప్పుడు ఇండెక్స్‌లో ప్రతి మార్పూ ముందు వాల్‌లోకి (మార్పులు రాసుకునే ఆ లాగ్‌లోకి) వెళ్తుంది. రికవరీ టేబుల్‌నీ ఇండెక్స్‌నీ ఒకే లాగ్‌తో లేపుతుంది. క్రాష్ అయిన ప్రతిసారీ అన్నీ మళ్లీ కట్టడమంటే సిస్టమ్ చేసిన పనినే ఇంకోసారి చేయడం.

ఎంవీపీ_పాతకాపు:
మరి ఆయనకి బిల్లులెందుకు దొరకట్లేదు బాబూ?

మధురవాడ_డీబీఏ:
అడగాల్సిన ప్రశ్న అదే. వాల్ ఇచ్చే మాట డిస్కు ఇచ్చే మాట మీద నిలబడి ఉంటుంది. "రాసేశాను" అని డిస్కు చెప్పాక అది నిజంగా రాసి ఉండాలి. గాజువాక గారూ, ఇంకేమీ ముట్టుకోకండి. ముందు డేటాబేస్ ఆపేసి, డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరే డిస్కుకి కాపీ తీయండి. రీఇండెక్స్ కొడితే పాత ఇండెక్స్ పోతుంది, దాంతో పాటు ఆధారమూ పోతుంది. కాపీ నడుస్తుండగా రెండు సంగతులు చూసి చెప్పండి: ఎఫ్‌సింక్ (రాసింది నిజంగా డిస్కుకి చేరేదాకా ఆగమనే సెట్టింగు) ఆన్‌లో ఉందా, డిస్కు ఏ రకం?

గాజువాక_సిస్టమ్స్:
కాపీ నడుస్తోంది. మామూలు ఎస్‌ఎస్‌డీ, షాపుల్లో దొరికేదే. ఎఫ్‌సింక్ ఆఫ్‌లో ఉంది సార్. ఫోన్ చేసి అడిగితే "బిల్లింగ్ స్పీడు కోసం" అన్నారు.

రుషికొండ_కోడర్:
ఓహ్. ఎఫ్‌సింక్ ఆఫ్ అయితే నేను పైన రాసింది ఈ సర్వర్‌కి వర్తించదు. సరిగ్గా పెట్టిన సర్వర్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

ఎంవీపీ_పాతకాపు:
సరిగ్గా పెట్టిన సర్వర్లు ఎన్ని చూశారు మన ఊళ్లో? హుద్‌హుద్ అప్పుడు (2014 అక్టోబరు 12) ముందే హెచ్చరిక ఉంది కాబట్టి మెషీన్లు పద్ధతిగా ఆపుకున్నాం. రోజుల తరబడి కరెంటు లేకపోయినా డేటాకి ఏమీ కాలేదు. చెప్పాపెట్టకుండా వచ్చే ఈ ఈదురుగాలులతోనే తంటా. అందుకే అంటున్నా, అనుమానం ఉన్నా లేకపోయినా కట్టేయమని.

మధురవాడ_డీబీఏ:
ఈ ఒక్క చోటే మీతో విభేదిస్తాను పాతకాపు గారూ. కొంచెం పెద్దగా రాస్తాను, ఏమనుకోవద్దు.

చెక్‌పాయింట్ అనే గుర్తు దాకా ఉన్నవన్నీ డిస్కుకి చేరిపోయాయన్న నమ్మకంతో పోస్ట్‌గ్రెస్ రికవరీని అక్కడి నుంచే మొదలుపెడుతుంది. ఎఫ్‌సింక్ ఆఫ్‌లో ఉంటే ఆ నమ్మకానికి ఆధారం లేదు. ఆపరేటింగ్ సిస్టమ్ మెమరీలో ఉండిపోయిన పేజీలు (డేటాని దాచే చిన్న ముక్కలు) కరెంటుతో పాటే పోయాయి. రికవరీకి ఆ సంగతి తెలియదు. "అంతా బాగుంది" అని నిజాయితీగానే రాస్తుంది. ఆ పోయిన పేజీల్లో ఇండెక్స్‌వి ఎన్నో, టేబుల్‌వి ఎన్నో ఎవరికి తెలుసు? బిల్లు రిపోర్టులో ఉండి వెతికితే దొరకట్లేదంటే, టేబుల్ పేజీ డిస్కుకి చేరింది, ఇండెక్స్ పేజీ పాతదే మిగిలింది. దీన్ని రీఇండెక్స్ బాగుచేస్తుంది, నిజమే.

తలకిందులైన కేసు ఆలోచించండి. ఇండెక్స్ పేజీ చేరింది, టేబుల్ పేజీ చేరలేదు. ఇండెక్స్‌లో ఉన్న చిరునామాకి వెళ్తే అక్కడ వరుస లేదు. సర్వర్ తెరిచి కొత్త బిల్లులు కొట్టడం మొదలుపెడితే అదే ఖాళీలో ఇంకో బిల్లు కూర్చుంటుంది. అప్పుడు పాత నంబరు కొడితే వేరేవాళ్ల బిల్లు వస్తుంది. రీఇండెక్స్ కొట్టారనుకోండి, ఇండెక్స్ శుభ్రంగా ఉంటుంది, పోయిన బిల్లు పోయినట్టే ఉంటుంది. పైగా అలాంటి బిల్లు ఒకటి ఉండేదని చెప్పే ఒకే ఒక్క సాక్షిని మీ చేత్తోనే తుడిచేసినట్టు.

చెక్‌సమ్‌లు (పేజీ చెడిందో లేదో పట్టే సరిచూపు అంకెలు) ఆన్‌లో ఉన్నా ఇది పట్టుబడదు. పాత పేజీకి పాత చెక్‌సమ్ సరిగ్గానే ఉంటుంది. ఆమ్‌చెక్ (ఇండెక్సుల్ని పరీక్షించే పోస్ట్‌గ్రెస్ పరికరం) వాడండి. అందులో టేబుల్‌తో పోల్చే ఆప్షన్ 11వ వెర్షన్ నుంచీ ఉంది. టేబుల్‌లో ఉండి ఇండెక్స్‌లో లేని వరుసలు దాంతో బయటపడతాయి. బీ-ట్రీలకి (మామూలు రకం ఇండెక్సులకి) మాత్రమే, జిన్ రకం ఇండెక్సులుంటే మీ 13లో కుదరదు.

ఎంవీపీ_పాతకాపు:
టేబుల్ మొత్తం చదివి పోల్చడానికి పట్టే టైములో రీఇండెక్స్ అయిపోతుంది కదండీ! ఓనరు కౌంటరు దగ్గర నిలబడి గడియారం చూస్తుంటే మీ సాక్ష్యాలు ఎవరికి కావాలి?

మధురవాడ_డీబీఏ:
టైము సంగతి నిజమే, ఒప్పుకుంటా. అందుకే కాపీ తీయమన్నది. సాక్ష్యం ఆ కాపీలో ఉంటుంది, దాన్ని ఎప్పుడైనా తీరిగ్గా చూసుకోవచ్చు.

అక్కయ్యపాలెం_అకౌంట్స్:
నేను డేటాబేస్ మనిషిని కాదు, లెక్కలు చూసేదాన్ని. మా దగ్గర ఇలాగే రీఇండెక్స్ కొడితే మధ్యలో ఆగిపోయింది, ఒకే నంబరుతో రెండు బిల్లులున్నాయని. అప్పుడేం చేస్తారు?

రుషికొండ_కోడర్:
యూనిక్ ఇండెక్స్ (ఒకే నంబరు రెండుసార్లు రాకుండా ఆపేది) చెడిపోయిన తర్వాత కూడా బిల్లులు కొట్టుంటారు మేడమ్. పాత బిల్లు దానికి కనిపించదు కాబట్టి అదే నంబరుని మళ్లీ లోపలికి రానిచ్చింది. ఇండెక్స్ స్కాన్లు, బిట్‌మ్యాప్ స్కాన్లు (ఇండెక్స్ ద్వారా వెతికే పద్ధతులు) ఆ సెషన్‌లో ఆపేసి, నంబరువారీగా లెక్కిస్తే ఒకటికంటే ఎక్కువున్నవి తేలుతాయి. ఆపకపోతే చెడిన ఇండెక్స్‌నే అడిగి "డూప్లికేట్లు లేవు" అని చెప్పే ప్రమాదముంది. ఆ రెండింట్లో ఏది అసలు బిల్లో సాఫ్ట్‌వేర్ చెప్పలేదు. అది మీరే చెప్పాలి.

ఇంకోటి, పోస్ట్‌గ్రెస్ 14 వాడేవాళ్లకి. 14.0 నుంచి 14.3 దాకా కాంకరెంట్‌గా (టేబుల్ వాడుకలో ఉండగానే) ఇండెక్స్ కట్టినా, మళ్లీ కట్టినా, ఆ కట్టడంలోనే ఇండెక్స్ చెడిపోయే బగ్ ఉండేది. 2022 జూన్‌లో 14.4తో సరిచేశారు. బాగున్న ఇండెక్స్‌ని ఊరికే మళ్లీ కట్టడం వల్ల నష్టమేమీ లేదనేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

గాజువాక_సిస్టమ్స్:
కాపీ అయింది. దాన్ని పాత మెషీన్ మీద లేపి ఆమ్‌చెక్ నడిపితే బిల్లుల టేబుల్ మీద ఒకటి, స్టాకు మీద ఒకటి చెడ్డవని తేలాయి. టేబుల్స్ సంగతే టెన్షన్‌గా ఉంది. మొన్న రాత్రి తీసిన డంప్ (డేటా మొత్తం ఫైల్‌గా తీసిన బ్యాకప్) మాత్రం భద్రంగా ఉంది.

మధురవాడ_డీబీఏ:
డంప్ ఉంటే నేనైతే పడిన డేటాబేస్ మీద పొద్దున్న కౌంటరు తెరవను. ఎఫ్‌సింక్ ఆన్ చేసి, డంప్‌ని కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించండి. ఇండెక్సులన్నీ ఎక్కించేటప్పుడే కొత్తగా పుడతాయి, పాతకాపు గారు కూడా సంతోషిస్తారు. నిన్నటి బిల్లులు కాపీ నుంచి తీసి, కాగితం బిల్లులతో పోల్చి, మధ్యాహ్నానికి చేర్చుకోవచ్చు. బిల్లు నంబరు సీక్వెన్స్‌ని మాత్రం నిన్నటి ఆఖరి నంబరు దాటించి మొదలుపెట్టండి, లేకపోతే నిన్నటి నంబర్లే మళ్లీ వస్తాయి.

అక్కయ్యపాలెం_అకౌంట్స్:
ఆఖరి నంబరు ఏదో ఖాయంగా తెలియనప్పుడు ఎంత దాటిస్తారు? జీఎస్టీ ఇన్‌వాయిస్ నంబర్లు వరసగా ఉండాలి, ఒక ఆర్థిక సంవత్సరంలో ఒకే నంబరు రెండుసార్లు రాకూడదు. అయితే ఒకటికంటే ఎక్కువ సిరీస్‌లు పెట్టుకోవడానికి రూల్ ఒప్పుకుంటుంది. ఇవాళ్టి నుంచి కొత్త అక్షరంతో వేరే సిరీస్ మొదలుపెట్టండి. పాత సిరీస్‌లో నిన్నటివి తీరిగ్గా పూడ్చుకోవచ్చు, ఖాళీలుంటే మీ ఆడిటర్‌కి ముందే ఓ మాట చెప్పండి.

మధురవాడ_డీబీఏ:
ఇది నాకు తట్టలేదు మేడమ్. సీక్వెన్స్ గొడవే ఉండదు.

ఎంవీపీ_పాతకాపు:
డంప్ ఎక్కించడమంటే అన్ని ఇండెక్సులూ మళ్లీ కట్టడమే కదా. మరి నేను మొదట చెప్పిందేమిటి?

రుషికొండ_కోడర్:
మీరు చెడిన టేబుల్ మీద కట్టమన్నారు పాతకాపు గారూ.

గాజువాక_సిస్టమ్స్:
డంప్ ఎక్కుతోంది. కొత్త సిరీస్‌కి ఓనరు గారు సరేనన్నారు. యూపీఎస్ బ్యాటరీలు కూడా మార్పిస్తానన్నారు గానీ, ఏవి తీసుకోవాలో దానికి వేరే ప్రశ్న పెడతాను.