చక్షుశ్శ్రవం: పాముకి చెవి ఎక్కడుంది?

అమరకోశంలో పాము పేర్ల వరసలో "కుండలీ గూఢపాచ్చక్షుఃశ్రవాః కాకోదరః ఫణీ" అని వస్తుంది. చక్షుస్సే శ్రవస్సుగా గలది, అంటే కన్నే చెవిగా గలది, చక్షుశ్శ్రవం. బహువ్రీహి. మరి పాము నిజంగా కళ్లతో వింటుందా అని నిన్న ఒకరు గ్రూపులో అడిగారు.

వినదండి. కానీ ఈ పేరు పెట్టినవాళ్లు పామును బాగా దగ్గరగా చూశారు. తొండకి, బల్లికి తల పక్కన చెవి కనిపిస్తుంది, పాముకి కనిపించదు. కర్ణభేరి కూడా లేదు. లోపలి చెవి మాత్రం ఉంది. దానికి ఆనుకుని పుల్లలాంటి సన్నని ఎముక ఒకటి ఉంటుంది. ఆ పుల్ల రెండో కొస క్వాడ్రేట్ అనే ఎముకను తాకుతుంది. కింది దవడ వేలాడేది ఆ క్వాడ్రేట్‌కే. నేల అదిరితే దవడ అదురుతుంది, ఆ అదురు పుల్ల మీదుగా లోపలికి చేరుతుంది. కాబట్టి పాముకి దవడే చెవి. దవడను హనువు అంటాం గనక, నన్నడిగితే 'హనుశ్రవం' అన్నా చెల్లుతుంది!

వ్యాఖ్య: బాగుందండీ. కానీ అది పాము సంగతి కదా, మన చెవికీ దవడకీ ఏం సంబంధం?

జవాబు: చాలా ఉందండీ, నాకు అసలు ఆశ్చర్యం అక్కడే. పాములకీ బల్లులకీ దవడ కీలులో కలుసుకునే రెండు ఎముకలు మనకి మధ్య చెవిలో ఉన్నాయి. క్వాడ్రేట్ మన దాగలి, దానికి కింద ఉండే ఆర్టిక్యులార్ మన కూటకం. పిండాల్లో ఈ ఎముకలు ఎలా ఏర్పడతాయో పరిశీలించి 1837లోనే జర్మనీకి చెందిన రైకెర్ట్ ఈ సంగతి చెప్పాడు. ఇందాకటి పుల్లే మన అంకవన్నె.

క్షీరదాల దవడకి వేరే ఎముకతో కొత్త కీలు ఏర్పడింది, పాతవి చెవి పనికి మళ్లాయి. 20 కోట్ల ఏళ్ల కిందటి మోర్గనుకోడాన్ అనే తొలి క్షీరదం లాంటి జంతువు శిలాజాల్లో పాత కీలు, కొత్త కీలు పక్కపక్కనే ఉన్నాయి. అంత వెనక్కి వెళ్లక్కర్లేదు, ఇప్పటికీ ఒపోసమ్ అనే సంచి జంతువు పిల్ల పుట్టేసరికి దాని దవడ పాత కీలు మీదే ఆడుతుంటుంది. కొత్త కీలు పుట్టాక కొన్ని వారాలకి గానీ తయారవదు.

వ్యాఖ్య: అంకవన్నె అంటే?

జవాబు: గుర్రపు రికాబు. ఇప్పుడు పాఠ్యపుస్తకాల్లో తప్ప వినపడదు, పోగొట్టుకోకూడని మాట. ఎముక పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు, మధ్యలో బెజ్జం ఉంటుంది. మనం పిండంగా ఉన్నప్పుడు ఆ బెజ్జంలోంచి ఒక ధమని సాగుతుంది. పుట్టడానికి చాలా ముందే అది కనుమరుగవుతుంది, బెజ్జం మాత్రం అలాగే ఉంటుంది.