చేతి ఆపరేషన్ తర్వాత రోజూ ఏమేం రాసుకోవాలి?

7 వారాల క్రితం గడ్డి కోసే మిషన్‌లో నా కుడి చెయ్యి పడింది. మణికట్టు దగ్గర వేళ్లను ముడిచే టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి), స్పర్శ తెలిపే మీడియన్ నరం తెగిపోయాయి. ఆపరేషన్ చేసి కలిపారు. ఈమధ్యే స్ప్లింట్ (చెయ్యి కదలకుండా కట్టే ఆధారం) తీసి ఫిజియోథెరపీ పెంచారు.

నరం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగుతుందట. అంటే వేలి కొసల దాకా స్పర్శ రావాలంటే నెలలు పడుతుంది. రోజూ చూసుకుంటే మార్పు తెలియక దిగులేస్తోంది. అందుకే ఎడమ చేత్తో నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టాను: నొప్పి 10కి ఎంత, పొద్దున వాపు, పిడికిలి ముడిస్తే వేలి కొసకీ అరచేతికీ మధ్య ఎన్ని సెంటీమీటర్లు మిగిలింది. మొన్న మణికట్టు దాటి కాస్త ముందుకు, అరచేతిలో తడితే వేళ్లలోకి జివ్వుమంది. ముందు అంత దూరం వచ్చేది కాదు. నరం అక్కడిదాకా పెరుగుతోందనడానికి అది మంచి గుర్తేనని ఆసుపత్రిలో అన్నారు, ఆ రోజు ఎంత ధైర్యం వచ్చిందో!

కానీ నొప్పి రోజుకు మూడుసార్లు రాస్తుంటే ధ్యాసంతా దాని మీదే ఉండి టెన్షన్ పెరుగుతోంది. ఇలాంటి దెబ్బ నుంచి కోలుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఏవి రోజూ, ఏవి వారానికోసారి రాసుకున్నారు? చలికి వేళ్లు లాగడం, చల్లబడటం కూడా రాయాలా? డాక్టరు గారికి ఉన్న ఐదు నిమిషాల్లో ఏం చూపిస్తే ఉపయోగపడింది?