న్యూటన్‌ను ఏ తేదీ కింద చేర్చాలి?

కాలరేఖ:
'చరిత్రలో ఈ రోజు' జాబితాల్లో న్యూటన్ జననాన్ని కొందరు డిసెంబరు 25న, మరికొందరు జనవరి 4న చూపుతున్నారు. ఇంగ్లండులో అప్పటికి పాతదైన జూలియన్ క్యాలెండరే అమలులో ఉన్నందున అక్కడివారి లెక్కలో ఆయన పుట్టినది 1642 డిసెంబరు 25. నేడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కలో అదే రోజు 1643 జనవరి 4. వేర్వేరు దేశాల సంఘటనలను ఒకే తేదీ కింద పేర్చే జాబితాకు కొలమానం ఒక్కటే ఉండాలి కనుక, పాత తేదీలన్నిటినీ గ్రెగోరియన్‌లోకి మార్చి తీరాలని నా వాదన.

పాతప్రతి:
నేను అంగీకరించను. ఆ కాలపు రిజిస్టర్లు, ఉత్తరాలు, వీలునామాలు ఏ తేదీని చెబుతున్నాయో దానినే ఉంచాలి. మీ నియమం ప్రకారం షేక్స్పియర్ మరణాన్ని 1616 ఏప్రిల్ 23 నుంచి మే 3కు జరపాలి; అలా జరిపిన జాబితా నాకింతవరకు కనబడలేదు. న్యూటన్‌కు ఒక న్యాయం, షేక్స్పియర్‌కు మరొక న్యాయమా?

కాలరేఖ:
మీ ఉదాహరణ నాకే పనికొస్తుంది. స్పానిష్ రచయిత సెర్వాంటెస్, షేక్స్పియర్ ఒకే రోజున మరణించారన్న ప్రచారం తేదీలను మార్చకపోవడం వల్లనే బలపడింది. స్పెయిన్ 1582లోనే కొత్త క్యాలెండరు చేపట్టగా ఇంగ్లండు 1752 దాకా ఆగింది కాబట్టి, ఆ రెండు దేశాల ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల ఎడం ఉంది. అదీగాక, సెర్వాంటెస్ 22వ తేదీన కన్నుమూశారనీ, 23 ఆయన ఖననపు తేదీ అనీ చాలామంది చరిత్రకారుల అభిప్రాయం.

నాలుగోమెట్టు:
గెలీలియో పోయిన ఏడాదే న్యూటన్ పుట్టాడని మురిసిపోయేవారికీ ఇదే చిక్కు. గెలీలియో మరణం గ్రెగోరియన్ లెక్కలో 1642 జనవరి 8. న్యూటన్‌ను కూడా అదే లెక్కలోకి తెస్తే ఏడాది మారిపోతుంది. ఒకే రోజున పుట్టిన డార్విన్, లింకన్‌ల జంట మాత్రం చెక్కుచెదరదు; 1809 ఫిబ్రవరి 12 నాటికి ఇంగ్లండు, అమెరికా రెండింటిలోనూ ఒకే క్యాలెండరు నడుస్తోంది. అయితే పాత క్యాలెండరు లెక్కన పేరులో అక్టోబరు ఉన్న రష్యా విప్లవపు వార్షికోత్సవాన్ని సోవియట్ ప్రభుత్వమే నవంబరు 7న జరిపింది. అందువల్ల నేను కాలరేఖ గారి వైపే, కానీ పాత తేదీ పక్కన ఉండి తీరాలి.

పాతప్రతి:
పక్కన ఉంచేటట్లయితే నాకు అభ్యంతరం సగం తగ్గింది. మిగిలిన సగం ఇది: షేక్స్పియర్ జననాన్ని కూడా ఏప్రిల్ 23 కిందనే రాస్తున్నారు గాని, రిజిస్టరులో ఉన్నది 1564 ఏప్రిల్ 26న జరిగిన బాప్తిస్మం మాత్రమే. దానిని ఏ క్యాలెండరులోకి మార్చినా పుట్టిన రోజు దొరకదు. కొలమానం అంత ముఖ్యమైతే, ముందుగా ఆ జననాన్ని జాబితా నుంచి తొలగించడానికి కాలరేఖ గారు సిద్ధమేనా?