విజీనగరం నుంచి శ్రీకాకుళం, ఆదివారం ఒక్క పూట: హైవే మీదా, చీపురుపల్లి మీదుగానా?

గంటస్తంభం_కుర్రోడు:

అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం కారేసుకుని శ్రీకాకుళం వెళ్దామని ఇంట్లో ఒకటే గోల. టైమ్ ఉన్నది ఒక్క పూటే, పొద్దున్న ఆరింటికి బయల్దేరితే మధ్యాహ్నం రెండుకల్లా ఇంట్లో ఉండాలి, సాయంత్రం మా చిన్నాన్నగారింట్లో ఫంక్షన్. కార్లో నేను, మా ఆవిడ, ఏడేళ్ళ పాప, అమ్మ, మా అత్తయ్య. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లు అంటే భయం. పాపకి కారెక్కితే వాంతులు.

కోరికలు చూస్తే అమ్మకి అరసవల్లి, మా ఆవిడకి శ్రీకూర్మంలో తాబేళ్ళు, అత్తయ్యకి పొందూరు ఖద్దరు చీర, పాపకి కళింగపట్నంలో సముద్రం. నాకైతే ఎవరితోనూ మాట పడకుండా ఇంటికి చేరితే అదే పదివేలు.

కారు ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. టౌన్లో బానే తోల్తాను, హైవే మీద అంత అలవాటు లేదు. మ్యాప్ పెడితే నాతవలస పోయి అక్కడ హైవే ఎక్కమంటోంది, సుమారు 70 కిలోమీటర్లు. మా ఆఫీసులో ఒకాయనేమో నెల్లిమర్ల, గరివిడి, చీపురుపల్లి మీదుగా పో, పొందూరు దారిలోనే తగుల్తుంది, లారీల గోల ఉండదు అంటున్నాడు. ఏది మేలు? వీడియోల్లో చెప్పినట్టు తప్పక చూడాల్సిన పాతిక చోట్లు మాత్రం చెప్పొద్దు ప్లీజ్, పెద్దవాళ్ళతో పిల్లతో ఒక పూటలో నిజంగా అయ్యేది చెప్పండి.

రణస్థలం_రోజూ:

హైవే మీదే వెళ్ళు తమ్ముడూ, ఇంకేం ఆలోచించకు. నేను ఉద్యోగానికి రోజూ పోయే దారి. ఆనందపురం నుంచి నరసన్నపేట దాకా ఆరు లైన్లు, ఆదివారం పొద్దున్న ఆరింటికైతే ఖాళీ. తీరిగ్గా తోలినా గంటన్నరలో శ్రీకాకుళం సింహద్వారం దగ్గర ఉంటావు.

హైవే అలవాటు లేదన్నావు కాబట్టి చెప్తున్నా, అక్కడ భయపడాల్సింది లారీలకి కాదు. లారీ తన లైన్లో తను పోతుంటాది, ఎటు తిరుగుతాదో ముందే తెలుస్తుంది. రాంగ్ రూట్లో ఎదురొచ్చే బళ్ళతోనే ప్రమాదం. యూ టర్న్ దాకా పోవడానికి బద్ధకమేసి డివైడర్ పక్కనే ముగ్గురెక్కి ఎదురొచ్చేస్తుంటారు, పైడిభీమవరం దగ్గర కంపెనీల షిఫ్ట్ వదిలే టైమ్‌లో మరీ ఎక్కువ. అందుకే డివైడర్ పక్క లైన్ పట్టుకుని కూర్చోకు, మధ్య లైన్లో పో, ఓవర్‌టేక్ ఉంటేనే కుడికి రా. ఊళ్ళ దగ్గర గేదెలు కూడా దాటుతుంటాయి, ఒకటి దాటిందని బండి లేపేయకు, వెనకాల ఇంకో నాలుగు ఉంటాయి.

ఇంకోటి, సెకండ్ హ్యాండ్ కారు అన్నావు కదా. అద్దం మీద ఉన్న ఫాస్టాగ్ ఎవరి పేరు మీదుందో ముందు చూసుకో. చాలామంది పాత ఓనరు ట్యాగ్‌తోనే తిరిగేస్తుంటారు, ఆయన ఒకరోజు దాన్ని మూసేస్తాడు, మనకి సంగతి టోల్ గేట్ దగ్గరే తెలుస్తుంది. ట్యాగ్ పనిచేయకపోతే మామూలు కన్నా ఎక్కువ గుంజుతారు. పాతది తీయించి నీ పేరు మీద కొత్తది వేయించుకో. సంవత్సరం పాస్ తీసుకో అని ఎవరైనా చెప్తే వినకు, అది 200 ట్రిప్పులకి, మాలాంటోళ్ళకి. బండి ఆగిపోతే 1033కి ఫోన్ చెయ్యి, హైవే హెల్ప్‌లైన్ అది. స్టెప్నీలో గాలి ఉందో లేదో కూడా చూసుకో, సెకండ్ హ్యాండ్ బళ్ళలో దాని మొహం ఎవడూ చూడడు.

చికాకోల్_బావ:

ఆదివారం అరసవిల్లా? అదీ మాఘమాసంలో? ఏటి బావ్, కేలండర్ చూడనేదా నువ్వు?

ఆదివారం అంటేనే సూర్యుడి వారం, మాఘంలో ఆదివారాలంటే చుట్టుపక్కల జిల్లాలోళ్ళందరూ అక్కడే ఉంతారు. ఇసకేస్తే రాలని జనం. రథసప్తమి రోజైతే అర్ధరాత్రి నుంచే లైన్లు కడతారు, ఆ మాటే వద్దు. మామూలు మాఘ ఆదివారం కూడా మీ అమ్మగారు మోకాళ్ళతో ఆ క్యూలో నిలబడలేరు, దర్శనం అయ్యేసరికి నీ పూట కాస్తా అయిపోద్ది. అరసవిల్లి ఈసారికి వదిలెయ్. మామూలు రోజున ఒక్క అమ్మగారినే రైలెక్కించి తీసుకురా, శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో, అదే ఆమదాలవలసలో దిగితే ఆటోలు బోల్డు. స్వామి పాదాల మీద సూర్యకిరణాలు పడ్డం చూద్దామనుకుంటే మార్చిలోనూ అక్టోబరులోనూ, అదీ తెల్లారి కాసేపే, మబ్బు పట్టకపోతే.

తిన్నగా శ్రీకూర్మం ఎల్లిపో. శ్రీకాకుళం నుంచి 15 కిలోమీటర్ల లోపే. పొద్దున్నే అయితే గుడి ప్రశాంతంగా ఉంతాది, మధ్యాహ్నం ఎలాగూ తలుపులేసేస్తారు. కూర్మావతారానికి గుడి అంటే మన దేశంలోనే అరుదు. స్వామి పడమటి మొహంగా ఉంతాడు, ధ్వజస్తంభాలు రెండు, తూర్పున ఒకటి పడమట ఒకటి. మీ పాపకి తాబేళ్ళు చూపించు, నక్షత్ర తాబేళ్ళు, నల్లటి డిప్ప మీద పసుపు గీతలు చుక్కలా విచ్చుకుని ఉంతాయి, ఒకదాని మీదకి ఒకటి ఎక్కుతూ ఆకులు నముల్తుంటాయి. పట్టుకోనివ్వరు, పట్టుకోకూడదు కూడాను. అవి చూసేసి చాలామంది కారెక్కేస్తారు గానీ మండపం గోడల మీద పాత రంగుల బొమ్మలున్నాయి, కొన్ని చెరిగిపోయాయి, మిగిలినవి అలా తలెత్తుకుని చూస్తుండిపోవాలి. మండపంలో నడకే కాబట్టి అమ్మగారికీ ఇబ్బందుండదు.

నూలు_పోగు:

పొందూరు గురించి నేను చెప్తాను, మా అమ్మమ్మగారి ఊరు అటే.

అత్తయ్యగారికి ఒక్క చీరే కావాలంటే శ్రీకాకుళంలోనూ దొరుకుతుంది. బయట షాపుల్లో పొందూరు పేరు చెప్పి మరమగ్గం బట్ట కూడా అంటగడతారు, అది వేరే సంగతి. ఊరి దాకా వెళ్తే కొనడంతో సరిపెట్టకండి, ఖాదీ సంఘం వాళ్ళని అడిగితే వడికేవాళ్ళ ఇల్లు చూపిస్తారు, ఆ అరుగు మీద పావుగంట కూర్చోండి. పత్తిని గింజతో సహా చేతిలోకి తీసుకుని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. నిజంగానే చేప దవడ, దానికి వరసగా సన్నటి పళ్ళుంటాయి, పుల్లకి కట్టుకుని దువ్వెనలా వాడతారు. దువ్వుతుంటే చెత్త, పొట్టి పీచు రాలిపోయి పొడుగు పీచు మాత్రం ఒక్క వాటంగా నిలబడుతుంది. తర్వాత చెక్క మీద పెట్టి ఇనప కడ్డీ దొర్లిస్తే గింజ బయటికొస్తుంది, సన్న విల్లుతో ఏకుతారు, చుట్టిన ఏకుల్ని చెయ్యి చెమట తగలకుండా ఎండిన అరటి పట్టలో పెట్టుకుని 24 ఆకుల రాట్నం మీద వడుకుతారు. వంద కౌంటు నూలు, అంటే బాగా సన్నటిది, అలా వస్తుంది. వడికేది దాదాపు అందరూ ఆడవాళ్ళే, వయసు మీదపడ్డవాళ్ళే, కూలి చూస్తే ఆ పనికి సరిపోయేంత లేదు. చీర రేటు విని బేరం మొదలెట్టేవాళ్ళు ఈ పని ఒక్కసారి చూస్తే బేరం ఎత్తరు, అత్తయ్యగారికి చెప్పండి.

దారి విషయానికొస్తే మీ ఆఫీసాయన చెప్పింది సగం కరెక్ట్. పొద్దున్న వెళ్ళేటప్పుడు లోపల రోడ్డు పట్టుకుంటే ఏడున్నరకి పొందూరులో దిగుతారు, అప్పటికి ఏం తెరిచి ఉంటాయి? వెళ్ళేటప్పుడు హైవే, వచ్చేటప్పుడు చిలకపాలెం దగ్గర లోపలికి తిరిగి పొందూరు చూసుకుని, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల మీదుగా ఇంటికి. దారి పొడుగునా చెరువులు, తాటిచెట్లు. ఓపికుంటే నెల్లిమర్ల దగ్గర రామతీర్థం కూడా చూడొచ్చు. ఆదివారం అమ్మకాలు ఉంటాయో లేదో మాత్రం ముందే ఫోన్ చేసి కనుక్కోండి, ఊరికే వెళ్ళి తాళం చూసి రావద్దు.

రణస్థలం_రోజూ:

పొందూరు దాకా ఓకే. అక్కణ్ణుంచి చీపురుపల్లి మీదుగా పొమ్మనడం నాకు నచ్చలేదు. వాంతులయ్యే పాప వెనక సీట్లో ఉంటే మలుపులు, స్పీడ్ బ్రేకర్లు, ఊరికో సంత. ఆ పక్కనే మెయిన్ లైన్, ఏదన్నా గేటు పడిందంటే గూడ్సు పోయి దాని వెనక ఎక్స్‌ప్రెస్ పోయేదాకా ఎండలో కారులో ఉడకాలి. రెండింటికి ఇంట్లో ఉండాల్సినోడికి చెప్పాల్సిన దారి కాదు. పొందూరు చూసుకుని మళ్ళీ చిలకపాలెం వచ్చి హైవే ఎక్కడమే, నాలుగు కిలోమీటర్లు ఎక్కువైనా టైమ్ చెప్పగలం.

నూలు_పోగు:

రోజూ హైవే మీద పోయేవాళ్ళకి ప్రతి గేటూ పడినట్టే కనిపిస్తుంది లెండి. ట్రిప్ అన్నారు కాబట్టి చెప్పాను, డ్యూటీకి అయితే మీ దారే.

సాలిహుండం_పిచ్చోడు:

కళింగపట్నం వెళ్తున్నారు కాబట్టి సాలిహుండం పేరెత్తకపోతే నాకు నిద్ర పట్టదు. వంశధార ఒడ్డున కొండ, దాని మీద బౌద్ధ స్తూపాలు, చైత్యాలు, ఇటుక కట్టడాలు. 1919లో గిడుగు రామమూర్తిగారు బయటపెట్టారు, వాడుక భాష గిడుగే. పైనుంచి నది కనిపిస్తుంటే గాలి పీల్చుకుంటూ కూర్చోవచ్చు. కానీ ఎక్కాలి, నీడ తక్కువ, అమ్మగారికి కుదరదు. అమ్మగారూ అత్తయ్యగారూ కింద కారులో కూర్చుంటారులే అనుకునే ప్లాన్ మాత్రం వేయకండి, ట్రిప్ అంతా చెడేది అక్కడే. ఇంకోసారి మీరొక్కరే రండి.

గంటస్తంభం_కుర్రోడు:

అందరికీ థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అరసవల్లి వద్దన్నారని అమ్మకి భయపడుతూనే చెప్పా, "ఆదివారం కాకపోతే సూర్యుడు ఉదయించడా ఏటి, మంగళవారం రైల్లో తీసుకెళ్ళు" అంది. ఆ గండం గడిచింది. ఫాస్టాగ్ చూస్తే నిజంగానే పాత ఓనరు పేరు మీదుంది, ఆయనకి ఫోన్ చేశా, తీయిస్తానన్నాడు.

ఇప్పుడు లెక్క ఇదీ: ఆరింటికి బయల్దేరి హైవే మీద ఏడున్నరకి శ్రీకాకుళం, టిఫిను, ఎనిమిదిన్నరకి శ్రీకూర్మం, పదింటికి కళింగపట్నం, పదకొండుంపావుకి మళ్ళీ శ్రీకాకుళం, పన్నెండుకి పొందూరు. సరిపోతుందా?

చికాకోల్_బావ:

కాయితం మీద సరిపోద్ది. ముగ్గురు ఆడవాళ్ళు, ఒక పాప, ఒక చీరల కొట్టు, నువ్వే ఆలోచించుకో. నన్నడిగితే కళింగపట్నం, పొందూరు రెండిట్లో ఒకటి తీసెయ్. సముద్రం కావాలంటే మీ విజీనగరం జిల్లాలోనే చింతపల్లి బీచ్ ఉంది కదా, పూసపాటిరేగ దగ్గర, అక్కడా లైట్‌హౌస్ ఉంది, ఇంకో సాయంత్రం వెళ్ళి రావొచ్చు.

లేదూ కళింగపట్నమే అంటావా, లైట్‌హౌస్ దగ్గర ఒడ్డున ఆడుకోనివ్వు, ఇసకలో పడవలు లాగి ఉంతాయి, చేపలు పట్టినోళ్ళు వలలు విదుల్చుతుంటారు, పిల్లలకి అదే సంబరం. వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గరికి మాత్రం పోవద్దు, అక్కడ నీళ్ళు పైకి సాదాగా కనిపిస్తాయి, కింద లాగేస్తాయి. ఊరోళ్ళు ఎవరైనా ఆగమంటే మారుమాట్లాడకుండా ఆగిపో.

ఇద్దరు_పిల్లల_తల్లి:

వాంతుల గురించి ఎవరూ చెప్పలేదేంటండీ? అందరూ దారుల గురించి కొట్టుకోవడమే. పాపకి బయల్దేరే ముందు కడుపు నిండా పాలు పట్టొద్దు, అలాగని ఖాళీ కడుపుతోనూ కాదు, ఒక ఇడ్లీ చాలు. ఫోన్ ఇవ్వొద్దు, కిందకి చూస్తూ బొమ్మలు చూస్తేనే తిప్పుతుంది, ఎదరగా దూరంగా చూడమనండి. అలాగని ముందు సీట్లో ఎవరి ఒళ్ళోనో కూర్చోబెట్టొద్దు, ఎయిర్ బ్యాగ్ ఉన్న సీటు, వెనక మధ్యలో బెల్టు పెట్టి కూర్చోబెడితే రోడ్డు కనిపిస్తుంది. కారులో పెర్ఫ్యూమ్ డబ్బా ఉంటే ముందు రోజే తీసి పారేయండి, మా ఇంట్లో సగం వాంతులు దానివల్లే. మందు కావాలంటే డాక్టర్ని అడిగి బయల్దేరడానికి ముందే వేయాలి, మొదలయ్యాక వేస్తే మందు కూడా బయటికే.

శ్రీకాకుళంలో టిఫిను తిన్న వెంటనే శ్రీకూర్మం రోడ్డు ఎక్కేయకండి, ఓ పావుగంట నడిపించండి.

గంటస్తంభం_కుర్రోడు:

పెర్ఫ్యూమ్ డబ్బా ఉందండి, నిమ్మకాయ వాసనది, ఇప్పుడే తీసేశా. ఇంట్లో ఓటింగ్ పెడితే పాప ఒక్కతీ సముద్రం, మిగతా ముగ్గురూ పొందూరు. కాబట్టి శ్రీకూర్మం, పొందూరు ఖాయం, వచ్చే వారం సాయంత్రం చింతపల్లి అని పాపకి మాటిచ్చా. తిరుగు దారి హైవేనే, నూలు పోగు గారు ఏమీ అనుకోవద్దు.

నూలు_పోగు:

ఏమీ అనుకోను. వడికే వాళ్ళింటికి వెళ్తే మధ్యాహ్నం భోజనాల టైమ్ కాకుండా చూసుకోండి, కళింగపట్నం తీసేశారు కాబట్టి పదకొండు లోపే చేరొచ్చు. అరుగు మీద ఫ్యాన్ వేయమని మాత్రం అడగొద్దు, పత్తి ఎగిరిపోతుంది.