2004 మారుతి 800లో ఆర్మూర్ నుంచి ముక్తినాథ్ దాకా: అమ్మానాన్నలతో వెళ్లవచ్చా?

ఆర్మూర్_వాసి

అందరికీ నమస్కారం. మా నాన్నకు 68, అమ్మకు 66. అమ్మకు ముక్తినాథ్ చూడాలని ఎప్పటినుంచో ఉంది. విష్ణు క్షేత్రాలైన 108 దివ్యదేశాల్లో నేపాల్‌లో ఉన్నది అదొక్కటే కదా, ఒంట్లో ఓపిక ఉండగానే చూడాలంటుంది. టూర్ బస్సులో పంపిద్దామంటే అమ్మ మోకాళ్లకు అన్ని గంటలు కూర్చోవడం కష్టం. నడుమ ఆపమంటే వాళ్లు ఆపరు.

నాన్న అయితే "పోతే నా బండిలోనే పోదాం" అంటున్నారు. ఆ బండి 2004 మారుతి 800, ఏపీ 25 నంబరు, ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా పెట్రోలును చిమ్మే) ఇంజిన్. ఆయనే కొన్నారు, ఆయనే నడిపారు. 62 వేల కిలోమీటర్లే తిరిగింది. ఈ మధ్య వారానికోసారి మార్కెట్‌కు, ఎప్పుడైనా బాసరకు, అంతే. ఆర్సీ మళ్లీ రెన్యువల్ చేయించాం, 2029 దాకా ఉంది. చూడటానికి ఎక్కడా తుప్పు లేదు.

మేం ముగ్గురమే. నడిపేది ఎక్కువగా నేను. అక్టోబరు చివర్లో బయల్దేరాలని ఆలోచన. ఇన్నోవా కిరాయికి మాట్లాడితే చెప్పిన రేటు విని ఊరుకున్నాం. బండి మీద నమ్మకం ఉంది కానీ, పరాయి దేశంలో కొండ మీద ఆగిపోతే ఏంటి పరిస్థితి అనే టెన్షన్ కూడా ఉంది. అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

కృష్ణలంక

పెద్దవాళ్లతో ఇరవై ఏళ్ల బండిలో అంత దూరం వద్దండీ. గోరఖ్‌పూర్ వరకు రైల్లో వెళ్లి, అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకోండి. మీ నాన్నగారి మనసు నాకు అర్థమైంది గానీ, నడిరోడ్డు మీద మీ అమ్మగారు కూర్చోవాల్సి వస్తే ఎవరికీ బాగుండదు.

డిపో_మెకానిక్ (జగిత్యాల)

తమ్ముడూ, నేను ఆర్టీసీలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన. మా ఇంట్లోనూ 800 ఉంది, మీ దానికంటే ఒక్క ఏడాది పాతది. దాంట్లోనే నేనూ మా ఇంటావిడా ఖాట్మండు, పోఖరా చూసి వచ్చినం. కాబట్టి వెళ్లొచ్చనే చెప్తున్న. కానీ "62 వేలే తిరిగింది" అని మీరు ధైర్యంగా రాశారు చూడండి, నాకు భయం వేసింది అక్కడే.

డిపోలో పది లక్షల కిలోమీటర్లు దాటిన బస్సుల్ని రోజూ రోడ్డు మీదికి పంపేవాళ్లం. అవి ఎందుకు తిరుగుతాయంటే రోజూ తిరుగుతాయి కాబట్టి. రోజూ ఎవరో ఒకరు చూస్తారు, కారేది కారినట్టు కనబడుతుంది. ఇంటి ముందు నిలబడ్డ బండికి అరుగుదల ఉండదు, కానీ రబ్బరు మాత్రం ఎండుతూనే ఉంటుంది. గొట్టాలు, సీళ్లు, బెల్టులు, టైర్లు, బ్రేక్ సిలిండర్‌లోని వాషర్లు, ఇవన్నీ కిలోమీటర్లు చూసి పాడుకావు, ఏళ్లు చూసి పాడైతయి. పైపెచ్చు ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2004 నాటి పెట్రోలు గొట్టాలు దానికోసం చేసినవి కావు. గట్టిపడి, పగిలి, చెమర్చడం మొదలుపెడతాయి. ఇంజిన్ వేడి పక్కన పెట్రోలు చెమర్చడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. ముందు ఆ గొట్టాలన్నీ మార్పించండి. ఖర్చు పెద్దగా కాదు.

తర్వాత టైర్లు. పక్కన నాలుగు అంకెలు ఉంటయి చూడండి. 3517 అని ఉంటే 2017లో 35వ వారం తయారైందని. టైరు మీది గుండీలు (గాడులు) ఎంత బాగున్నా సరే, ఆరేడేళ్లు దాటిన టైరుతో అమ్మానాన్నలను నేనైతే ఘాట్ ఎక్కించను. స్టెప్నీతో కలిపి ఐదూ మార్చండి. పన్నెండంగుళాల టైరు కాబట్టి పెద్ద కారంత ధర ఉండదు.

ఇక రేడియేటర్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఏమనుకోవద్దు. పైకి పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది, నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయి. ముక్తినాథ్ ఎత్తు 3,700 మీటర్ల పైనే. అక్కడ గిన్నెలో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. రేడియేటర్‌లో అట్లా కాకుండా ఆపేది ఆ మూత. లోపల ఒత్తిడి నిలబెట్టేది అదే. దాని రబ్బరు గట్టిపడ్డదా, మన దగ్గర ఏ తేడా తెలియదు, కొండెక్కితే కూలెంట్ బుసబుసమని బయటికి తన్నుతుంది. జనం రేడియేటర్ మార్పిస్తారు, మూత మాత్రం పాతదే పెడతారు.

ఇంకో మాట. మన ఎండలకు భయపడి చాలామంది మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేస్తారు. మీ బండిలో ఉందో లేదో చూపించండి. లేకపోతే కొత్తది వేయించండి. చలి ప్రాంతంలో అది లేకుండా ఇంజిన్ సరిగా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, హీటర్ కూడా పనిచేయదు. చలిలో అమ్మకు హీటర్ కావాలి.

బ్రేకులు: ముందు ప్యాడ్లు, వెనక లైనింగులు, వీల్ సిలిండర్లు, వీటితో పాటు బ్రేక్ ఆయిల్ మొత్తం తీసి కొత్తది పోయించాలి. పాత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పట్టుకుంటుంది. దిగుడులో బ్రేకు వేడెక్కినప్పుడు ఆ తేమ ఆవిరై, పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఎక్కేటప్పుడు బండి మొరాయిస్తే పక్కకు ఆపుకోవచ్చు, దిగేటప్పుడు అది కుదరదు. ఏ గేర్లో ఎక్కుతామో ఆ గేర్లోనే దిగాలి.

ఇవన్నీ చేయించినాక ముందు మహబూబ్ ఘాట్ ఎక్కి దిగండి. అది చిన్నది, సరిపోదు. తర్వాత ముగ్గురూ కూర్చుని, సామాను వేసుకుని శ్రీశైలం పోయి రండి. ఏం కారినా, ఏం మోగినా అక్కడే బయటపడాలి.

దారి గురించి భయం అక్కర్లేదు. మన ఆర్మూర్ మీదుగా పోయే పాత ఏడో నంబరు హైవే అసలు మొదలయ్యేదే కాశీలో. నిర్మల్, ఆదిలాబాద్, నాగ్‌పూర్, జబల్‌పూర్, రీవా మీదుగా వారణాసి. నంబర్లు మారినయి గానీ రోడ్డు అదే, ఇప్పుడు చాలావరకు నాలుగు లైన్లు. బండిని 70 దాటించకండి, ఎండ నెత్తికెక్కకముందే ఎక్కువ దూరం పోండి. ట్యాంకు 28 లీటర్లే, సగానికి రాగానే నింపుకోండి. కాశీలో రెండు రోజులు ఆగితే అమ్మకూ విశ్రాంతి. ఢిల్లీ వైపు మాత్రం ఈ బండితో పోవద్దు, అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లకు అనుమతి లేదు.

భీమిలి_రోడ్డు

మేం పాత ఆల్టోలో విశాఖ నుంచి భూటాన్ వెళ్లొచ్చాం. ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. మామూలు పాలసీ మన దేశంలోనే చెల్లుతుంది. నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మాల్దీవులు, పాకిస్థాన్‌లకు పాలసీని పొడిగించే వెసులుబాటు ఉంది. కొంచెం అదనంగా కడితే ఎండార్స్‌మెంట్ ఇస్తారు. ఏజెంటుకు తెలియకపోవచ్చు, బ్రాంచికి వెళ్లి "జాగ్రఫికల్ ఏరియా ఎక్స్‌టెన్షన్" అని అడగండి. కాగితం చేతికి వచ్చాకే బయల్దేరండి.

నేపాల్‌కు కార్నే (బండిని కొన్నాళ్లకు వేరే దేశం తీసుకెళ్లేందుకు ఇచ్చే కస్టమ్స్ పత్రం) అక్కర్లేదు. ఇరాన్ లాంటి దేశాలకు మన కారు తీసుకెళ్లాలంటే అది తప్పదు. దానికి కట్టే హామీ కారు విలువను బట్టి ఉంటుంది కనుక పాత బండి వాళ్లకు అక్కడ కూడా లాభమే.

గోరఖ్‌పూర్_తెలుగు

నేను రైల్వేలో ఉద్యోగం చేస్తూ గోరఖ్‌పూర్‌లో ఉంటున్నానండి. నేపాల్ సరిహద్దు ఊరు సోనౌలీ ఇక్కడికి వంద కిలోమీటర్ల లోపే. మనవాళ్లు వచ్చినప్పుడల్లా సరిహద్దు దాకా వెళ్లి దింపి వస్తుంటాను.

లారీలు కిలోమీటర్ల కొద్దీ ఆగి ఉంటాయి. అది చూసి వాటి వెనక నిలబడకండి, కార్లకు పక్కనుంచి దారి ఇస్తారు. వీలైనంత పొద్దున్నే చేరుకోండి. మన వైపు సశస్త్ర సీమా బల్ వాళ్లు చూస్తారు. దాటగానే బేలహియాలో భన్సార్ ఆఫీసు, అంటే నేపాల్ కస్టమ్స్. ఎన్ని రోజులు ఉంటారో చెబితే రోజుకింత అని కట్టించుకుని రసీదు ఇస్తారు. "నేను చేయిస్తా" అంటూ చుట్టూ మూగేవాళ్లను పట్టించుకోకండి, కౌంటర్‌లో మీరే చేయించుకోవచ్చు. మీరు అనుకున్న దానికంటే రెండు రోజులు ఎక్కువ రాయించుకోండి. కొండదారిలో రాళ్లు పడి రోడ్డు మూస్తే గడువు దాటిపోతుంది, అప్పుడు జరిమానా. ఆ రసీదు దారిలో పోలీసులు అడుగుతారు, తిరిగి వచ్చేటప్పుడూ చూపించాలి.

గుర్తింపు కార్డు విషయంలో మీరు పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు తెచ్చుకోండి. ఆధార్‌ను నమ్ముకోవద్దు. 65 దాటినవాళ్లకు ఫొటో ఉన్న వేరే కార్డులు కూడా చెల్లుతాయి కాబట్టి అమ్మగారికీ నాన్నగారికీ ఇబ్బంది ఉండదు. ఆర్సీ నాన్నగారి పేరున ఉంది, ఆయన బండిలోనే ఉంటారు, అది మరీ మంచిది.

డబ్బు వంద నోట్లలో తెచ్చుకోండి. మన వంద అక్కడ 160, ఆ రేటు మారదు. సరిహద్దు దాటాక బుట్వల్ దగ్గర సిద్ధబాబా ఘాట్ వస్తుంది, పైనుంచి రాళ్లు పడే చోటు. అక్కడ ఫొటోల కోసం ఆగకండి. ఒకరోజు మిగిలితే లుంబిని భైరహవా పక్కనే ఉంది.

ఇంకొకటి. మీరు అనుకున్న సమయం దశైం పండుగకు దగ్గర పడితే, అంటే మన దసరా రోజుల్లో, ఆఫీసులూ మెకానిక్ షాపులూ చాలావరకు మూసి ఉంటాయి. పండుగ దాటాక రండి.

ఆర్మూర్_వాసి

అందరికీ చాలా థ్యాంక్స్. నాన్నకు అన్నీ చదివి వినిపించాను. మహబూబ్ ఘాట్ పేరు వినగానే రేపే పోదాం అన్నారు! టైర్లు చూశాను, 2016వి. స్టెప్నీ ఇంకా పాతది.

అన్నా, రెండు సందేహాలు. అక్కడ బండి ఆగిపోతే 800కు సామాను దొరుకుతుందా? పోఖరా నుంచి ముక్తినాథ్ దాకా కూడా మన బండిలోనే పోవచ్చా? నాన్న పట్టుదల అదే.

డిపో_మెకానిక్ (జగిత్యాల)

మొదటి దానికి జవాబు: దొరుకుతుంది. ఖాట్మండులో ఏళ్ల తరబడి టాక్సీలుగా తిరిగినవి ఎక్కువగా ఈ మారుతి 800లే. పోఖరాలో నా బండి బానెట్ ఎత్తితే, పక్కనున్న మెకానిక్ నేను నోరు తెరవకముందే ఫ్యాన్ బెల్ట్ టైట్ చేసిండు. బండి పాతదా కొత్తదా అన్నది కాదు, ఆ ఊరి మెకానిక్ చేతికి తెలిసిన బండా కాదా అన్నది ముఖ్యం. పెద్ద కారులో సెన్సార్ పోతే కంప్యూటర్ పెట్టేవాడు కావాలి. దీనికి పానాలు పట్టుకోవడం తెలిసినోడు చాలు. అయినా క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, ఫ్యాన్ బెల్ట్, రేడియేటర్ గొట్టాలు, ఒక సెట్ ప్లగ్గులు, ఫ్యూజులు, రెండు లీటర్ల కూలెంట్ డిక్కీలో పెట్టుకోండి. ఎక్కువ సామాను వద్దు, డిక్కీ చిన్నది, బరువు ఇంజిన్ మీదే పడుతుంది.

రెండోదానికి నా మాట: వద్దు. బండిని పోఖరాలో లాడ్జి దగ్గర పెట్టి, అక్కడి నుంచి జీపు మాట్లాడుకోండి. బేనీ దాటినాక కాళీగండకి లోయ వెంట రోడ్డు కొంత మంచిగా, కొంత రాళ్లూ బురదగా ఉంటుంది. వాగు నీళ్లు రోడ్డు మీద నుంచి పారే చోట్లున్నయి. మన బండి 37 హార్స్‌పవర్‌ది. ఆ ఎత్తులో గాలి పలచనై అందులో మూడో వంతు దాకా పోతుంది. ఎంపీఎఫ్ఐ కాబట్టి పెట్రోలును సర్దుకుంటుంది, కానీ లేని గాలిని ఎక్కడి నుంచి తెస్తుంది? ముగ్గురితో, చిన్న చక్రాలతో, ఇంజిన్ కిందుండే ఆయిల్ ఛాంబర్‌కు రాయి తగిలితే ఆయిలంతా నేలపాలు. అక్కడిదాకా పోయే 800లు ఉండొచ్చు. అమ్మానాన్నలను కూర్చోబెట్టుకుని చేసే పని మాత్రం కాదు.

అమ్మ గురించి ఇంకా ముఖ్యమైంది. పోఖరా ఎత్తు 800 మీటర్ల పైచిలుకు. అక్కడి నుంచి ఒక్కరోజులో 3,700కు ఎక్కితే కుర్రవాళ్లకే తలనొప్పి, ఆయాసం. జోమ్‌సోమ్‌లోనో, దానికి ముందు మార్ఫాలోనో ఒక రాత్రి ఆగండి. జోమ్‌సోమ్‌లో మధ్యాహ్నం అయ్యేసరికి గాలి విపరీతంగా కొడుతుంది, పొద్దున్నే బయల్దేరండి. జీపు రాణీపౌవా దాకే పోతుంది. అక్కడి నుంచి గుడికి ఎక్కాలి, మోకాళ్లు నొప్పి అంటే గుర్రాలుంటయి. గుడి దగ్గర 108 ధారల నీళ్లు మంచులా ఉంటయి, డాక్టర్‌ను అడగకుండా అమ్మతో తలస్నానం చేయించకండి, నెత్తిన చల్లుకున్నా చాలు. ఆ ప్రాంతానికి అన్నపూర్ణ పర్మిట్ కావాలి, పోఖరాలో తీసుకోవచ్చు, మనకు సార్క్ దేశాల రేటు.

నాన్నకు నా మాటగా చెప్పండి: ఆర్మూర్ నుంచి పోఖరా దాకా, మళ్లీ ఇంటిదాకా తెచ్చేది ఆయన బండే. మూడు వేల కిలోమీటర్ల పైనే, అది తక్కువ ప్రయాణం కాదు.

ఒక ఆదివారం నాన్నను తీసుకుని మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాల రండి. నేనే కింద దూరి చూస్తా, ఏమేం మార్చాలో చీటీ రాసిస్తా. రేడియేటర్ మూత మాత్రం ముందే కొనకండి, ఏది సరిపోతుందో చూసి ఇక్కడే తీసుకుందాం.