కోర్టు మార్షల్‌లో సాక్షి మాట మారిస్తే పాత వాంగ్మూలాన్ని రికార్డులోకి ఎలా తేవాలి?

జనరల్ కోర్టు మార్షల్‌లో డిఫెన్స్ తరఫు క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం సాక్షిని ప్రశ్నించడం) గురించి అడుగుతున్నాను. స్టోర్ తాళంచెవి హవల్దార్ దగ్గరే ఉందని కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీలో (సైన్యం అంతర్గత విచారణలో) చెప్పిన సాక్షి, ఇప్పుడు నిందితుడి చేతిలో చూశానంటున్నాడు. కోర్టు మార్షల్‌కు ముందు సాక్షుల మాటలు నమోదు చేసే సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్‌లో తాళంచెవి ఊసే లేదు.

ఆర్మీ రూల్స్ 1954లోని 182 ప్రకారం ఎంక్వైరీ ప్రొసీడింగ్స్ నిందితుడి మీద సాక్ష్యంగా పనికిరావు, కానీ సాక్షిని క్రాస్ చేయడానికి ఇరుపక్షాలూ వాడుకోవచ్చు. ఇక్కడిదాకా పేచీ లేదు. ఆర్మీ చట్టం సెక్షన్ 133 సాక్ష్య చట్టాన్ని వర్తింపజేస్తుంది కాబట్టి పాత 145, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 148 పాటించాలి: విరుద్ధంగా ఉన్న ఆ వాక్యాన్నే సాక్షికి చూపించి అడగాలి. మొత్తం వాంగ్మూలం చేతికిచ్చి 'ఇది నీదేనా' అంటే చాలదు. చాలామంది బోల్తా పడేది అక్కడే.

నా సందేహాలు:

సాక్షి 'అలా చెప్పలేదు' అంటే, సంతకం ఒప్పుకున్నా, ఆ భాగాన్ని రుజువు చేయడానికి ఎంక్వైరీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను పిలిపించాల్సిందేనా? ఎగ్జిబిట్‌గా ఆ రెండు లైన్లే మార్క్ చేయించవచ్చా, లేక జడ్జ్ అడ్వకేట్ (కోర్టుకు చట్టపరమైన సలహా ఇచ్చే అధికారి) మొత్తం పెట్టమంటారా? మొత్తం పెడితే నిందితుడికి చేటు చేసే పేజీలూ కోర్టు కంట పడతాయి, అసలు భయం అదే.

రెండోది: సమ్మరీలో చెప్పకపోవడాన్ని వైరుధ్యంగా చూపొచ్చా? చెప్పకుండా వదిలేయడం కూడా వైరుధ్యం కావచ్చని పోలీసు వాంగ్మూలాల సెక్షన్‌కున్న వివరణ దీనికి వర్తిస్తుందా? రూల్ 23 కింద అప్పుడే క్రాస్ చేసే అవకాశం వదులుకున్నారని ప్రాసిక్యూటర్ అంటే జవాబేమిటి?

కోర్టు మార్షల్స్‌లో వాదించినవాళ్లు తీర్పులతో సహా చెప్పగలరు.