సీపీఎస్ పోతే చాలా, పాత పెన్షనే రావాలా?

కొత్తపేట టీచర్, గుంటూరు
మా స్టాఫ్‌రూమ్‌లో ఈ గొడవ ఎంతకీ తెగడం లేదు. సీపీఎస్ అంటే మన జీతంలోంచి నెలనెలా కోసి, ప్రభుత్వ వాటా కలిపి ఖాతాలో వేసే పెన్షన్ పథకం. కొందరు పాత పెన్షన్ తప్ప ఇంకేదీ ఒప్పుకోమంటున్నారు. ఇంకొందరు చివరి బేసిక్‌లో సగం గ్యారంటీగా వస్తే చాలు, దానికి ఏ పేరు పెడితే మనకేంటి అంటున్నారు. 2023లో మన అసెంబ్లీ ఆమోదించిన గ్యారంటీ పెన్షన్ పథకం జీపీఎస్‌లో సగమే అన్నారు. కేంద్రం 2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఏకీకృత పెన్షన్ పథకం యూపీఎస్‌లోనూ పాతికేళ్ల సర్వీసుంటే చివరి 12 నెలల సగటు బేసిక్‌లో సగం. పాత పెన్షనూ సగమే కదా! మరి తేడా ఎక్కడ? పార్టీల గోల లేకుండా చెప్పండి.

కృష్ణలంక
పార్టీల గోల లేకుండా ఎలా మాస్టారూ? అధికారంలోకొచ్చిన వారంలో సీపీఎస్ రద్దు చేస్తానని పాదయాత్రలో చెప్పింది జగన్ గారు. టెక్నికల్ విషయాలు తెలియక ఇచ్చిన హామీ అని తర్వాత వాళ్లే అన్నారు. వారం అంటే ఎన్ని రోజులో ఇప్పటికీ తేలలేదు.

అరండల్‌పేట
మీవాళ్ల సంగతీ చెప్పండి బ్రదర్. 2004 జనవరి 1 నుంచి కేంద్రంలో కొత్త పెన్షన్ పెట్టింది వాజ్‌పేయి ప్రభుత్వం. బయటి నుంచి మద్దతిచ్చింది టీడీపీ. 2024 ఎన్నికల్లో ఆమోదయోగ్యమైన పరిష్కారం అన్నారు. ఎవరికి ఆమోదయోగ్యమో చెప్పలేదు.

గాంధీనగర్ పెన్షనర్
బాబూ, ఇద్దరూ కాస్త ఆగండి. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 తర్వాత చేరినవాళ్లను సీపీఎస్‌లో వేసింది కాంగ్రెస్ ప్రభుత్వం. దాన్ని చట్టంగా గట్టి చేసిన పీఎఫ్‌ఆర్‌డీఏ (పెన్షన్ నిధుల నియంత్రణ సంస్థ) బిల్లు 2013లో యూపీఏ హయాంలో పాసైంది. అంటే అందరి చేతులూ పడ్డాయి. పెన్షన్ ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తేదీనే మేం పెన్షనర్స్ డే చేసుకుంటాం. పాత పెన్షనే హక్కు, మిగతావన్నీ బేరాలు.

ఆటోనగర్
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నా. నేను ప్రైవేటు వర్క్‌షాప్‌లో చేస్తాను. పీఎఫ్ కట్టేవాళ్లకిచ్చే ఈపీఎస్‌లో కనీస పెన్షన్ 2014 నుంచీ 1,000 రూపాయలే. ఏ ఉద్యోగమూ చెయ్యని మా నాయనమ్మకు ఎన్టీఆర్ భరోసాలో 4,000 వస్తోంది. నెలనెలా పీఎఫ్ కట్టేవాడికి వెయ్యి! మా హక్కు ఏ కోర్టులో ఉందండీ?

గాంధీనగర్ పెన్షనర్
నీది న్యాయమే నాయనా. అయితే నీ వెయ్యిని పెంచమని అడగాలి గానీ వీళ్ల సగాన్ని తగ్గించమని కాదు కదా.

బ్రాడీపేట అకౌంట్స్
మాస్టారు అడిగిన తేడా గురించి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. ముందు సీపీఎస్ లెక్క చూద్దాం. రిటైరయ్యే రోజుకు ఖాతాలో 40 లక్షలు ఉన్నాయనుకోండి, చివరి బేసిక్ 80,000. 40 శాతం, అంటే 16 లక్షలు, యాన్యుటీలో (నెలనెలా పెన్షన్ ఇచ్చే బీమా పాలసీలో) పెట్టాలి. ఆరున్నర శాతం వస్తే నెలకు సుమారు 8,700. దీన్ని పాత పెన్షన్ 40,000 పక్కన పెట్టి వాట్సాప్‌లో తిప్పుతున్నారు. మిగతా 24 లక్షలు చేతికొస్తాయి, ఆ మాట మాత్రం చెప్పరు. పోనీ మొత్తం 40 లక్షలూ యాన్యుటీలో పెట్టినా 21,700 దాటదు. పైగా అది ఎప్పటికీ అంతే, ధరల్ని బట్టి పెంచే కరువు భృతి (డీఆర్) ఉండదు. అసలు దెబ్బ అక్కడ.

ఇక సగం గ్యారంటీ. జీపీఎస్ అయినా యూపీఎస్ అయినా మీ జీతంలో 10 శాతం కోత అలాగే ఉంటుంది. పాత పెన్షన్‌కు ఉద్యోగి పైసా కట్టక్కర్లేదు. జీపీఎఫ్ అనే పొదుపు ఖాతాకు కోస్తారు గానీ అది మీ డబ్బే, వడ్డీతో వెనక్కి వస్తుంది. పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకునే కమ్యుటేషన్ వేరే ఉంది. యూపీఎస్‌లో ఖాతా నుంచి పెద్ద మొత్తం తీసుకుంటే పెన్షన్ ఆ మేరకు తగ్గుతుంది. కాబట్టి మాస్టారూ, రెండూ సగమే గానీ ఒక సగానికి మీరు సర్వీసంతా డబ్బు కడుతున్నారు.

అయినా నేను పాత పెన్షన్ వైపు లేను. 2004 తర్వాత చేరినవాళ్లలో ఎక్కువమంది 2035 ప్రాంతం నుంచి రిటైరవుతారు. పైగా 2022లో రిటైర్మెంట్ వయసు 62 చేశారు. ఇవాళ సీపీఎస్ రద్దు చేసే ప్రభుత్వానికి నెలనెలా కట్టే వాటా మిగులుతుంది, చప్పట్లూ వస్తాయి. బిల్లు మాత్రం అప్పటి ప్రభుత్వం మీద పడుతుంది. రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్ పాత పెన్షన్‌కు మళ్లాక, జమైన డబ్బు తిరిగిచ్చే వీలు చట్టంలో లేదని కేంద్రం చెప్పేసింది. ఉద్యోగుల వాటా తగ్గించి, డీఆర్‌తో సగం గ్యారంటీ ఇమ్మని అడిగితే బేరం తెగే అవకాశం ఉంది.

అరండల్‌పేట
అంటే జీపీఎస్ మంచిదనే కదా మీరు అంటున్నది?

బ్రాడీపేట అకౌంట్స్
కోత తగ్గించాలన్నాను. మళ్లీ చదవండి.

డీఎస్సీ 2003
మా సంగతి ఈ లెక్కల్లో ఎక్కడా లేదు. టీచర్ పోస్టుల నోటిఫికేషన్ 2003లో ఇచ్చారు, పోస్టింగులు 2005లో ఇచ్చారు. ఆలస్యం మాది కాదు, పెన్షన్ మాత్రం మాకు పోయింది. 2003 డిసెంబర్ 22కు ముందు నోటిఫై అయిన పోస్టుల్లో చేరిన తన ఉద్యోగులకు కేంద్రం 2023 మార్చిలో పాత పెన్షన్ ఆప్షన్ ఇచ్చింది. అదే మెమో 57. దాన్ని ఇక్కడ అమలు చెయ్యమని ధర్నా చౌక్‌లో కూర్చుంటే, పార్టీల వాళ్లు వచ్చి కండువా కప్పి ఫొటో దిగి వెళ్లారు. అందరికీ పాత పెన్షన్ వచ్చేదాకా మేం ఆగాలా?

కొత్తపేట టీచర్, గుంటూరు
మీరెందుకు ఆగాలి సార్, మీ కేసు వేరే. దాన్ని అందరి డిమాండ్‌తో కలిపి కట్టేయడం మా సంఘాలు చేస్తున్న తప్పే. అకౌంట్స్ గారూ, 10 శాతం కోతను ఎంతకు తగ్గిస్తే గిట్టుబాటవుతుందో ఒక లెక్క వేసి పెట్టగలరా? రేపు స్టాఫ్‌రూమ్‌లో చూపిస్తాను.

కృష్ణలంక
లెక్కతో పాటు ఎవరి హయాంలో ఎంత కోశారో కూడా వెయ్యండి.